మామిడాకు కుళ్లదు, గుంతలో నీళ్లు నిలుస్తాయి: పెరటి కసువుతో కంపోస్టు ఎలా?

ప్రశ్న: మాది తిరుపతిలో తిరుచానూరు రోడ్డు పక్క. ఆరు సెంట్ల స్థలంలో ఇల్లు పోగా మిగిలిన పెరట్లో రెండు మామిడి చెట్లు, ఒక వేప, ఒక బాదం, జామ, కరివేపాకు, వెనక గోడ వెంట రెండు కొబ్బరి చెట్లు ఉన్నాయి. ఇప్పుడు ఆకు రాలే కాలం కాబట్టి రోజుకు రెండు గంపల కసువు వస్తోంది. నిరుడు జూన్‌లో మామిడి చెట్టు కింద మూడడుగుల గుంత తవ్వించి అందులో ఆకులు వేస్తూ, పైన బకెట్‌తో నీళ్లు పోస్తూ వచ్చాను. పైన ఆకులు వేసినవి వేసినట్టే ఉన్నాయి, ఎర్ర చీమలు పట్టాయి. నవంబరు వానలకు గుంత నిండి పది రోజులు భరించలేని వాసన. పక్కింటివాళ్లు కాల్చేయమంటున్నారు. ఒకరు యూరియా చల్లమంటారు, నర్సరీ వాళ్లు కంపోస్టు పౌడరు కొనమంటారు. వేపాకు కలిస్తే అసలు కుళ్లదని మా అత్తగారు అంటారు. పాములు చేరతాయేమోనని ఇంకో భయం. కుండీలకు, కూరగాయల మడికి వాడుకునే ఎరువు ఈ ఆకులతో అవుతుందా? (ఒక పాఠకురాలు, తిరుపతి)

సమాధానం: అవుతుంది. మీ గుంతలో పైఆకు ఎండిపోవడానికీ, అడుగున మురిగిపోవడానికీ కారణం ఒక్కటే, నీళ్లు. పైన చాలలేదు, కింద ఎక్కువయ్యాయి. పౌడరు ఎంత మంచిదైనా ఈ రెంటిలో ఒక్కదాన్నీ సరిచేయలేదు. కాబట్టి ముందు ఆ డబ్బు మిగుల్చుకోండి.

ఆకు కుళ్లడమంటే సూక్ష్మజీవులు దాన్ని తినడమే. వాటికి కర్బనం కావాలి, నత్రజని కావాలి, తేమ, గాలి కావాలి. ఎండాకులో కర్బనానికి కొదవ లేదు. నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం యాభై పాళ్ల దాకా ఉంటుంది. కుప్ప చురుగ్గా పనిచేయాలంటే అది ఇరవై అయిదు, ముప్పై పాళ్లకు దిగాలి. పేడ, పచ్చిగడ్డి, వంటింటి తొక్కలు, నూనె చెక్క కలిపేది అందుకే. ఉత్త ఎండాకులు కూడా ఎప్పటికో ఒకప్పటికి కుళ్లుతాయి గానీ, మన ఎండల్లో ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు.

అందులోనూ మామిడి, బాదం ఆకులు మొండివి. రాలిన మామిడాకు మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క జారిపోతుంది, ఆకు తడవదు. పైన మైనపు పూత ఉంటుంది, అది ఆకు రాలాక కూడా చాలా కాలం పోదు. అదే ఆకును గుప్పిట్లో పెట్టి కరకరా నలిపి, రాత్రంతా పేడనీళ్లలో ఉంచి మర్నాడు తీయండి. చినిగిన అంచుల వెంట తడి నల్లగా లోపలికి పాకి, ఆకు తోలులా మెత్తబడి ఉంటుంది. సూక్ష్మజీవులు లోపలికి దూరేది ఆ చినిగిన అంచుల నుంచే. మీ గుంతలో ఆకులు ఒకదాని మీద ఒకటి విస్తళ్లలా పరుచుకున్నాయి. మీరు పైన పోసిన బకెట్ నీళ్లు వాటి మీదుగా జారి పక్కల నుంచి మట్టిలోకి పోయాయి. పైనుంచి చూస్తే తడిపినట్టే ఉంటుంది, నాలుగు వేళ్ల లోతున మాత్రం పొడి. ఎర్ర చీమలు పట్టాయంటే లోపల పొడిగా ఉందని అవే చెబుతున్నాయి. తడిగా, వేడిగా ఉన్న కుప్పలో చీమలు కాపురం పెట్టవు.

ఇక గుంత సంగతి. గుంతలో కంపోస్టు చేయడం తప్పేమీ కాదు. 1939లో సి.ఎన్.ఆచార్య రూపొందించిన బెంగళూరు పద్ధతి గుంత పద్ధతే. పొరలు పొరలుగా నింపి, పైన మట్టితో మెత్తేస్తారు. తిరగేసే పని లేదు, మళ్లీ నీళ్లు పోసే పని లేదు, ఆరు నుంచి ఎనిమిది నెలలు ఆగాలి. నీటి ఎద్దడి ఉన్న చోట, చేయించడానికి మనుషులు లేని చోట అది మేలు. మరొకటి 1924–31 మధ్య ఆల్బర్ట్ హోవర్డ్ ఇండోర్‌లో తీర్చిదిద్దిన పద్ధతి. అందులో గాలి ఆడేలా కుప్ప పోసి, మధ్య మధ్య తిరగేస్తారు, మూడు నాలుగు నెలల్లో అయిపోతుంది. మీరు గుంత తవ్వి ఆచార్య పద్ధతిలో మొదలుపెట్టి, పైన మూయకుండా వదిలేశారు. నీళ్లు పోయే దారి లేని గుంత అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో తిరుపతిలో చిన్న కుంట అవుతుంది. 2021 నవంబరులో వీధుల్లో నీళ్లు పారిన ఊరు మనది. నీళ్లు నిండగానే గాలి పోయింది, గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు పెరిగాయి, కుళ్లిన గుడ్ల వాసన వాటిదే.

అందుకే తిరుపతిలో ఇంటి పెరటికి నేలమీద కుప్పే మంచిదని మా అభిప్రాయం. పలమనేరు, కుప్పం వైపు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. అక్కడ ఎత్తు వల్ల చల్లదనం ఎక్కువ కాబట్టి చలికాలంలో నెల రోజులు అదనంగా వేసుకోవాలి.

ముందు పాత గుంతను ఖాళీ చేయండి. పైనున్న ఎండాకును తీసి గోనె సంచుల్లోకి ఎత్తండి, కొత్త కుప్పకు పనికొస్తుంది. అడుగున నల్లగా, జిగటగా ఉన్నదాన్ని పారతో తీసి నీడలో అర అడుగు మందాన నాలుగైదు రోజులు ఆరనివ్వండి. గాలి తగిలితే వాసన దానంతటదే పోతుంది. దాన్ని పారేయకండి. కొత్త కుప్పకు తోడుగా వేయడానికి అంతకన్నా మంచి పౌడరు ఏ కొట్లోనూ దొరకదు. గుంతను మట్టితో పూడ్చేయండి.

కొత్త కుప్ప ఎప్పుడు మొదలుపెట్టాలి? వేప, కానుగ, బాదం ఆకులు రాలే ఈ మూడు నెలలూ ఆకు పోగుచేసుకోండి. ఏప్రిల్, మే ఎండల్లో కుప్పను తడిగా నిలబెట్టడం ట్యాంకరు నీళ్లు కొనే ఇళ్లకు భారం. మృగశిర కార్తె రాగానే, అంటే జూన్ రెండో వారంలో పోస్తే సెప్టెంబరు ఆఖరుకు ఎరువు చేతికొస్తుంది, పెద్ద వానలు దిగేలోపు జల్లించి సంచులకు ఎత్తేయవచ్చు. బోరులో నీళ్లు పుష్కలంగా ఉండి, మంచి నీడ ఉంటే ఇప్పుడే మొదలుపెట్టినా తప్పు లేదు.

ఆకు దాచేటప్పుడు ఒక పని చేయండి. సంచిలో వేశాక సంచి మీద కాళ్లతో తొక్కండి. ఎండిన ఆకు మధ్యాహ్నం ఎండకు అప్పడంలా పగులుతుంది, ఉదయం మంచు తడికి మెత్తబడి పగలదు. కాబట్టి ఈ పని మధ్యాహ్నం పూటే. బియ్యం బస్తా సైజు గోనె సంచిలో ఇలా నలిపి నొక్కి నింపితే ఎనిమిది నుంచి పది కిలోల ఆకు పడుతుంది. మీకు అలాంటివి ఏడెనిమిది సంచులు కావాలి.

అన్ని ఎందుకంటే, కుప్పకు కనీసం ఒక ఘనమీటరు పరిమాణం ఉండాలి. అంతకంటే చిన్నదైతే లోపల పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పోతుంది, ఎంత బాగా కలిపినా కుప్ప వేడెక్కదు. చిన్న బకెట్లలో, పూలకుండీల్లో ఆకు కంపోస్టు పెట్టి రాలేదని అడిగేవాళ్లలో ఎక్కువమందిది ఇదే ఇబ్బంది. నాలుగడుగుల ఎత్తున్న కోళ్ల మెష్ పన్నెండు అడుగుల ముక్క తీసుకుని గుండ్రంగా చుట్టి, అడుగు మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా బైండింగ్ వైరుతో నాలుగు చోట్ల కట్టండి. మూడున్నర అడుగుల వెడల్పు గూడు వస్తుంది, అది సరిగ్గా ఒక ఘనమీటరు పైచిలుకు పడుతుంది. సిమెంటు తొట్టి కట్టించనక్కర్లేదు. కట్టించాలనే ఉంటే ఇటుకల మధ్య సందులు వదిలి కట్టమనండి, ముందు వైపు తెరిచి ఉంచమనండి.

చోటు నీడలో ఉండాలి, అయితే మామిడి మొదట్లో కాదు. తడి ఎరువు దొరికితే చెట్టు వేళ్లు కిందినుంచి పైకి పాకి నాలుగు నెలల్లో కుప్పంతా అల్లుకుంటాయి, మీరు జల్లించేసరికి సగం సారం చెట్టు తీసుకుని ఉంటుంది. మొదలుకు ఆరేడు అడుగుల దూరంలో, కొమ్మల నీడ పడేచోట పెట్టండి. కాంపౌండు గోడకు ఆనించొద్దు, గోడ చెమ్మ పడుతుంది, పక్కింటివాళ్లతో మాట పడాలి. సంపుకు, బోరుకు దూరంగా ఉండాలి. నేల చుట్టుపక్కల కంటే రెండంగుళాలు ఎత్తుగా ఉంటే వాననీళ్లు కిందికి చేరవు. అడుగున బొటనవేలు లావు మామిడి కొమ్మలు, కొబ్బరి మట్ట ముక్కలు అడ్డదిడ్డంగా అర అడుగు ఎత్తు పరవండి. అవి కుళ్లడానికి కాదు, కిందినుంచి గాలి రావడానికి.

ఇప్పుడు పాళ్లు. పది కిలోల ఎండాకుకు (ఒక సంచి అనుకోండి) అయిదు కిలోల పచ్చి సరుకు, అయిదు కిలోల పచ్చిపేడ, పది లీటర్ల నీళ్లు, అర కిలో చెనక్కాయ చెక్క. పచ్చి సరుకంటే కోసిన గడ్డి, కూరగాయల తొక్కలు, అరటి తొక్కలు, మునగ కొమ్మల ఆకు, పూజ పూలు. పూలయితే దారం తీసేయండి, దారం త్వరగా కుళ్లదు, తర్వాత పారకు చుట్టుకుంటుంది. దగ్గర్లో కానుగ చెట్టుంటే దాని లేత కొమ్మలు తెచ్చుకోండి, పచ్చిరొట్ట ఎరువుగా మన పెద్దలు పొలాలకు తొక్కించిన ఆకు అది. చెక్కను ముందురోజు నానబెడితే పేడతో బాగా కలుస్తుంది. పేడను ఆ పది లీటర్ల నీళ్లలో గడ్డలు లేకుండా కలిపి, మీ పాత గుంత అడుగు సరుకు రెండు మూడు పారలు కూడా అందులోనే వేసుకోండి.

ఆకును నేలమీద పట్టా పరిచి పోసి, పేడనీళ్లు చిలకరిస్తూ కాళ్లతోనో పారతోనో కలిపి, తడిసిన తర్వాతే గూట్లో వేయాలి. గూట్లో ముందు పొడి ఆకు వేసి పైనుంచి నీళ్లు పోస్తే నిరుటి కథే మళ్లీ. మామిడి, బాదం ఆకు సంచిని మాత్రం ముందు రాత్రే డ్రమ్ములో పేడనీళ్లలో ముంచి ఉంచి, పొద్దున ఎత్తి కాసేపు నీళ్లు కారిపోనిచ్చి వాడండి. నానబెట్టిన ఆకుకు మళ్లీ నీళ్లు చిలకరించనక్కర్లేదు. ఆకు పొర అర అడుగు, దాని మీద పచ్చి సరుకు రెండంగుళాలు, మళ్లీ ఆకు. పచ్చిగడ్డిని ఒకేచోట కుప్పగా వేయకండి, ముద్ద కట్టి కంపు కొడుతుంది. అన్నిటికన్నా పైన ఆకు పొరే ఉండాలి, వంటింటి తొక్కలు బయటికి కనబడితే ఈగలు మూగుతాయి. వండిన అన్నం, పెరుగు, నూనె వంటలు, మాంసం, చేపలు అసలు వద్దు, అవి వేస్తే ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనకే పాములు.

ఒక్కరోజులో గూడంతా నిండాలి. రోజుకు గంపెడు చొప్పున నెలపాటు నింపితే వేడి పుట్టదు. ఆకును ముందే పోగుచేయమన్నది ఇందుకే.

తేమ సరిపోయిందా అనేది చేత్తోనే తెలుస్తుంది. కుప్ప లోపలినుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనబడి ఆగిపోతే సరిగ్గా ఉంది. ధారగా కారితే ఎక్కువ, పొడి ఆకు కలపాలి. చెయ్యి తెరిచినప్పుడు ముద్ద నిలవకుండా విడిపోతే తక్కువ, నీళ్లు కావాలి. కుప్ప పైన కాదు, అడుగు లోతు నుంచి తీసి చూడాలి. పైభాగం తిరుపతి గాలికి పూటలో ఆరిపోతుంది, దాన్ని చూసి రోజూ నీళ్లు పోస్తే అడుగు మురుగుతుంది. తడి గోనె సంచి రెండు మడతలు పైన కప్పితే ఆ ఆరుదల సగం ఆగుతుంది.

రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కుప్ప వేడెక్కాలి. నాలుగడుగుల ఇనుప చువ్వ ఒకటి మధ్యలో గుచ్చి ఉంచండి. పది నిమిషాల తర్వాత తీసి కొన పట్టుకుంటే చెయ్యి ఆనించలేనంత కాలితే లోపల 55 నుంచి 65 డిగ్రీల మధ్య ఉందని లెక్క. మూడు నాలుగు రోజులు ఆ వేడి నిలిస్తే గడ్డి విత్తనాలు, చాలా రకాల తెగులు క్రిములు చస్తాయి. 70 దాటితే పనిచేసే సూక్ష్మజీవులకే దెబ్బ, అప్పుడు వెంటనే తిరగేయాలి. ఇంటి కుప్పల్లో అంత వేడి అరుదు.

తిరగేయడం పదో రోజున మొదటిది, ఇరవయ్యో రోజున రెండోది, ముప్పై అయిదో రోజున మూడోది, ఆ తర్వాత మూడు వారాలకోసారి చాలు. మెష్ గూటి సుఖం ఇక్కడే తెలుస్తుంది. వైర్లు విప్పి గూడును పక్కన నిలబెట్టి, నాలుగు పళ్ల ఫోర్కుతో కుప్పను అందులోకి ఎత్తిపోయడమే. బయటి అంచున ఎండిన ఆకు లోపలికి, లోపలి నల్ల సరుకు బయటికి రావాలి. ప్రతిసారీ గుప్పిట పరీక్ష చేసి, కావలిస్తే అప్పుడే తడపండి. మొదటిసారి తిరగేసేటప్పుడు లోపల ఆకుల మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొర కనబడుతుంది. బూజని భయపడకండి, గట్టి ఆకుల్ని విరగగొట్టే ఆక్టినోమైసిటీస్ అనే సూక్ష్మజీవులు అవి. బాగా వేడెక్కిన కుప్పకు ఆనవాలు అది. అయితే ఆ పొర దట్టంగా ఉండి ఆకు ఎండినట్టుంటే తేమ తగ్గిందని కూడా అర్థం.

నాలుగో రోజుకూ వేడెక్కకపోతే మూడింటిలో ఏదో ఒకటి కారణం. గుప్పెడు పిండి చూస్తే పొడిగా ఉండొచ్చు, అది చాలా ఇళ్లలో కారణం. తేమ సరిపోయి కూడా చల్లగా ఉంటే నత్రజని తక్కువ, ఇంకో రెండు బకెట్ల పేడనీళ్లు, కిలో చెక్క కలిపి తిరగేయండి. అవీ సరిగ్గానే ఉంటే కుప్ప చిన్నది. ఘాటుగా, కళ్లు మండేలా అమోనియా వాసన వస్తే పేడో పచ్చి సరుకో ఎక్కువైంది, అంటే కష్టపడి తెచ్చిన నత్రజని గాల్లో పోతోంది. పొడి ఆకు రెండు గంపలు కలిపి తిరగేస్తే అణుగుతుంది. పొయ్యి బూడిద, సున్నం చల్లితే ఈ వాసన ఇంకా పెరుగుతుంది. కంపోస్టుకు సున్నం వేయాలని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వేయకండి.

యూరియా సంగతి. అది విషమేమీ కాదు, నత్రజని మాత్రమే, సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. చెక్క దొరకకపోతే అర కిలో చెక్కకు బదులు 75 గ్రాముల యూరియా సరిపోతుంది, పేడనీళ్లలో కరిగించి వాడాలి. దాన్ని ఎండాకు మీద పొడిగా చల్లితే కొంత అమోనియాగా ఎగిరిపోతుంది. అయితే చెక్కలో భాస్వరం, ఇతర పోషకాలు కూడా ఉంటాయి, పైగా మన జిల్లాలో చెనక్కాయ చెక్క గానుగ దగ్గరే దొరుకుతుంది. మేమైతే చెక్కే వాడమంటాం.

పౌడరు, కల్చరు విషయం కూడా ఇంతే. పచ్చిపేడలో, పాత ఎరువులో, మీ గుంత అడుగు మట్టిలో కావలసిన సూక్ష్మజీవులు కోట్లలో ఉన్నాయి. పేడ దొరకని అపార్టుమెంటు వాళ్లకు మాత్రం ఘజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం తయారుచేసిన వేస్ట్ డీకంపోజర్ పనికొస్తుంది. ఒక సీసాను 200 లీటర్ల నీళ్లు, రెండు కిలోల బెల్లంతో కలిపి, రోజూ కర్రతో తిప్పుతూ వారం ఉంచాలి. అది కూడా తేమకు, నత్రజనికి బదులు కాదు.

వేపాకు గురించి మీ అత్తగారి మాటలో కొంత నిజం ఉంది. వేపలో పురుగుల్ని అడ్డుకునే గుణం ఉంది కాబట్టి వానపాముల తొట్టిలో పచ్చి వేపాకు వేయకూడదు. వేడి కుప్పలో అయితే ఆ గుణం నిలవదు, వేడికి, సూక్ష్మజీవులకు విరిగిపోతుంది. వేపాకు చిన్నది, పలుచనిది, మామిడాకు కంటే త్వరగా కుళ్లుతుంది కూడా. మొత్తం ఆకులో మూడో వంతు దాకా నిశ్చింతగా వేయండి. నీలగిరి ఆకు మాత్రం వద్దు. కొబ్బరి మట్టల ఆకును అంగుళం ముక్కలుగా కొడితే వేయవచ్చు, పీచు, బోండాలు వేయకండి, రెండేళ్లయినా అలాగే ఉంటాయి. చెరకు రసం బండ్ల దగ్గర ఊరికే దొరికే పిప్పి మంచిదే గానీ తీపికి చీమలు పడతాయి, నరికి, పేడనీళ్లలో నానబెట్టి కుప్ప నడిమధ్యలో వేయాలి. చెనక్కాయ పొట్టు గాలి ఆడటానికి అద్భుతం, కుళ్లడానికి మాత్రం నిదానం.

తుంగ గడ్డలు, గరిక వేళ్లు కుప్పలోకి రానివ్వకండి. అంచున ఉన్న గడ్డ వేడి తగలక బతికిపోయి, మీ మడిలో ఏడాదిపాటు పీకుతూ కూర్చునేలా చేస్తుంది. వాటిని సిమెంటు నేలమీద నాలుగు వారాలు మాడనిచ్చి అప్పుడు వేయండి. వయ్యారిభామ పూతకు రాకముందే పీకితే పచ్చి సరుకుగా పనికొస్తుంది, పూత పట్టాక వద్దు. వేరుబుడిపలు ఉన్న టమాటా, వంగ మొక్కలు, ఉన్నట్టుండి వాడిపోయిన మొక్కల వేళ్లు కూడా వద్దు.

పాములకు ఇష్టమైనవి పొడి ఆకుల గుట్టలు, ఇటుకల రాశులు, కొబ్బరి మట్టల కుప్పలు. తడిగా, వేడిగా ఉండి పదిరోజులకోసారి కదిలే కుప్పలో అవి ఉండటం తక్కువ. అసలు జాగ్రత్త ఆకు దాచిన సంచుల దగ్గర కావాలి. వాటి మూతి కట్టి, ఇటుకల మీదో బల్ల మీదో పేర్చండి. తిరగేసేటప్పుడు బూట్లు వేసుకుని ఫోర్కుతోనే పని చేయాలి, చెయ్యి లోపలికి పెట్టొద్దు. తేళ్లు, మండ్రగబ్బలు అంచుల్లోని గోనె కింద ఉంటాయి, ముందు గోనెను కర్రతో ఎత్తి చూడండి. కపిలతీర్థం, అలిపిరి వైపు కొండకు దగ్గరగా ఉన్న ఇళ్లవాళ్లు చీకటిపడ్డాక కుప్ప జోలికి పోకపోవడమే మంచిది.

మీకు కొబ్బరి చెట్లున్నాయి కాబట్టి పాములకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది పేడదిబ్బల్లో, కంపోస్టు కుప్పల్లోనే. తిరగేసేటప్పుడు బొటనవేలంత లావు, గోధుమరంగు తల, వంకర తిరిగిన తెల్లటి పురుగులు కనబడితే ఒకదాన్ని గట్టి నేలమీద వేసి చూడండి. వెల్లకిలా పడి వీపుతో పాకుతూ పోతే అది పూల పెంకు పురుగు పిల్ల, కుళ్లిన ఆకునే తింటుంది, కుప్పలో వదిలేయండి. పక్కకు వాలి వంకర తిరిగి అక్కడక్కడే కొట్టుకుంటుంటే కొమ్ము పురుగు పిల్లని అనుమానించి ఏరేయాలి. కోళ్లున్న ఇంటికి ఇస్తే క్షణంలో తినేస్తాయి. చీమల పొడిగానీ, గుళికలుగానీ కుప్పలో చల్లకండి, రేపు ఆ ఎరువుతో పెంచిన ఆకుకూర తినేది మీరే. చీమలకు మందు నీళ్లే. నాలుగైదు చోట్ల గడ్డపారతో కన్నాలు పొడిచి బకెట్ చొప్పున పోసి తిరగేస్తే పుట్ట వదిలి పోతాయి.

వానకు కప్పడానికి పాత ఫ్లెక్సీ చాలు. నాలుగు కర్రలు పాతి, ఒకవైపు ఏటవాలుగా కుప్పకు అడుగు ఎత్తున కట్టండి. కుప్పకు చుట్టి బిగిస్తే గాలి పోతుంది.

నాలుగడుగుల కుప్ప మూడో వంతుకు దిగి, తిరగేసినా మళ్లీ వేడెక్కకపోతే దాదాపు అయిపోయినట్టే. ఇంకో మూడు వారాలు కదపకుండా ఉంచండి. తయారైందో లేదో తేల్చుకోవడానికి గుప్పెడు తడి ఎరువును ప్లాస్టిక్ కవరులో గాలి లేకుండా కట్టి మూడు రోజులు ఉంచి విప్పండి. తొలకరి మట్టి వాసన వస్తే తయారు, పుల్లగానో కంపుగానో వస్తే ఇంకా పచ్చి. అనుమానం తీరకపోతే ఇరవై మెంతులు ఎరువులో, ఇరవై మామూలు మట్టిలో వేసి చూడండి. మట్టిలో పదిహేడు మొలిచి ఎరువులో పది కూడా రాకపోతే ఆగాలి. పచ్చి ఎరువు వేసిన మడిలో మొక్కలు పచ్చబారడం చూసి చాలామంది ఎరువులో సారం లేదనుకుంటారు. నిజానికి మిగిలిన కుళ్లే పని మడిలో జరుగుతూ, మొక్కకు పోవలసిన నత్రజనిని సూక్ష్మజీవులు వాడుకుంటుంటాయి.

ఇసుక జల్లించే అర అంగుళం జల్లెడతో జల్లిస్తే ఏడెనిమిది సంచుల ఆకుకు 70 నుంచి 90 కిలోల ఎరువు రావాలి. పైన మిగిలే మామిడి ఈనెలు, పుల్లలు తర్వాతి కుప్పకు తోడుగా వేయండి. ఇందులో నత్రజని నూటికి ఒక పాలు, అంతకంటే కొంచెం తక్కువే ఉంటుంది, డీఏపీలా వారంలో మొక్క ఎగబాకాలని చూడకండి. మన ఎర్ర గరప నేల పోసిన నీళ్లను పూటలో కిందికి వదిలేస్తుంది, ఈ ఎరువు పట్టి ఉంచేది ఆ నీళ్లనే. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు మడికి 25 కిలోలు చల్లి నాలుగంగుళాల లోతు కలిపితే ఒక పంటకు చాలు. కుండీల్లో ఎరువు ఒక పాలు, ఎర్రమట్టి ఒక పాలు, ఇసుకో కొబ్బరి పొట్టో ఒక పాలు. ఉత్త ఎరువుతో కుండీ నింపితే నాలుగు నెలల్లో సగానికి కుంగిపోతుంది. గులాబీకి రెండు నెలలకోసారి కిలో, కరివేపాకు చెట్టుకు ఏడాదికి అయిదు కిలోలు. మామిడికి కాయ కోత అయ్యాక 25 కిలోలు, చెట్టు మొదలు దగ్గర కాదు, మూడు నాలుగడుగుల దూరంలో పాదు చుట్టూ.

ఇక కాల్చడం. ఆరుబయట చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతటా నిషేధించింది, మామూలుగా చెత్త కాల్చినవాళ్లకు అయిదు వేల రూపాయల జరిమానా కూడా పెట్టింది. పక్కింటివాళ్లతో వాదన కన్నా, వాళ్ల ఆకు కూడా మీకే ఇవ్వమని అడగండి. ఏడెనిమిది సంచులు నిండాక మిగిలిన ఆకును ఈ ఎండాకాలం చెట్ల పాదుల్లో, కుండీల పైన మూడంగుళాల మందాన పరిచేయండి, మొదలుకు నాలుగు వేళ్ల ఎడం వదిలి. రోజూ పోసే నీళ్లు రెండు రోజులకోసారి పోస్తే సరిపోతాయి, జూన్‌లో సగం చివికిన ఆ ఆకును ఎత్తి కుప్పలో వేసుకోవచ్చు.